పాత కారు రేటు చెప్పే యాప్: మామూలు రోజుల్లో పర్వాలేదు, సంక్షోభంలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు

అయిదుకి రెండున్నర స్టార్లు. ఆ రెండున్నర కూడా వాడటానికి తేలిగ్గా ఉన్నందుకే. మోడల్ ఏంటి, ఏ సంవత్సరం బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంతమంది చేతులు మారింది, పెట్రోలా డీజిలా, ఇవన్నీ కొడితే క్షణాల్లో ఒక రేటు వస్తుంది, పక్కనే "అమ్మేయండి" అని పెద్ద బటన్. యాప్ పేరు రాయట్లేదు. ఈ రకం యాప్‌లు చాలావరకు ఇదే తీరులో పనిచేస్తాయి, కాబట్టి మీ ఫోన్‌లో ఏది ఉన్నా ఇక్కడ రాసింది దాదాపు సరిపోతుంది.

నేను ముఖ్యంగా చూద్దామనుకున్నది దీంట్లో కొత్తగా పెట్టిన "ముందస్తు అంచనా". రాబోయే ఏడాదిలో మీ కారు విలువ ఎలా మారుతుందో గ్రాఫ్ గీసి చూపిస్తారట. వార్తల్లో మాంద్యం అన్న మాట వినపడగానే కారు ఉన్నవాళ్లకీ, కొందామనుకునేవాళ్లకీ టెన్షన్ మొదలవుతుంది కదా, ఇప్పుడే అమ్మేయాలా, ఆగాలా, ఇంకాస్త పడేదాకా చూసి కొనాలా అని. ఈ గ్రాఫ్ దగ్గర దానికి జవాబు లేదు. చిన్న కారు పెట్టండి, పెద్ద ఎస్‌యూవీ పెట్టండి, ఎడమ నుంచి కుడికి నున్నగా జారిపోయే గీత ఒకటే. వాలులో కాస్త తేడా, అంతే. ఇది మామూలు తరుగుదల లెక్క. కారు పాతబడేకొద్దీ విలువ తగ్గుతుందని తెలుసుకోవడానికి ఎవరికైనా యాప్ కావాలా? కింద చిన్న అక్షరాల్లో "మార్కెట్ పరిస్థితులను బట్టి ధర పెరగవచ్చు లేదా తగ్గవచ్చు" అని గోడ మీద పిల్లిలా ఒక వాక్యం కూడా పెట్టారు.

అసలు సమస్య ఎక్కడుందంటే, సంక్షోభం వస్తే పాత కార్లు చవకవుతాయన్నది సగం నిజమే. ఏ రకం సంక్షోభం, అందులో ఎన్నో నెలలో ఉన్నాం, మనది ఏ కారు, ఈ మూడూ తెలియకుండా రేటు ఎటు పోతుందో చెప్పలేం. యాప్ ఈ మూడింట్లో కారు గురించి మాత్రమే అడుగుతుంది.

2008నే తీసుకోండి. అమెరికాలో ఆ ఒక్క ఏడాదిలోనే పాత కార్ల మీద రెండు వేర్వేరు దెబ్బలు పడ్డాయి. జులైలో చమురు పీపా 147 డాలర్లకి చేరింది, దాంతో పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీలు ఎవరికీ అక్కర్లేకుండా పోయి చిన్న కార్లకి గిరాకీ వచ్చింది. లీజుకిచ్చిన, అంటే కొన్నేళ్లు నెలవారీ అద్దెకిచ్చిన, పెద్ద బండ్లు తిరిగొచ్చేసరికి అనుకున్న ధర రాదని తేలి ఫోర్డ్ కంపెనీ ఆ లీజు బండ్ల విలువని పుస్తకాల్లో 2.1 బిలియన్ డాలర్లు తగ్గించి రాసుకుంది. క్రైస్లర్ అనే ఇంకో కార్ల కంపెనీకి చెందిన ఫైనాన్స్ సంస్థ అయితే ఆగస్టు నుంచి లీజులే ఆపేసింది. ఆ తర్వాత సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా. అక్కడి నుంచి కథ మారిపోయింది. చమురు మళ్లీ చవకైంది గానీ లోన్ ఇచ్చేవాళ్లు కరువయ్యారు, కాబట్టి చిన్నదీ పెద్దదీ అని లేకుండా అన్ని రేట్లూ పడ్డాయి. డీలర్ల వేలంపాటల్లో పాత కార్ల రేట్లని లెక్కగట్టే మాన్‌హైమ్ సూచీ అని ఒకటుంది, అప్పట్లో 1995 జనవరిని 100గా పెట్టుకుని లెక్కించేవారు. 2008 డిసెంబరుకి అది మళ్లీ 100 చుట్టుపక్కలకి వచ్చేసింది. అంటే దాదాపు పద్నాలుగేళ్ల కిందటి స్థాయికి.

ఇక్కడితో ఆపేస్తే "సంక్షోభంలో రేట్లు పడతాయి" అన్న మాట నిజమే అనిపిస్తుంది. తర్వాత జరిగింది కూడా చూడాలి. 2007లో అమెరికాలో కోటీ అరవై లక్షలకి పైగా కొత్త బండ్లు అమ్ముడైతే 2009లో కోటీ నాలుగు లక్షల దగ్గర ఆగిపోయాయి. 2009లో అమ్ముడుపోని కొత్త కారు 2012లో మూడేళ్ల పాత కారుగా మార్కెట్‌కి ఎక్కడి నుంచి వస్తుంది? దానికి తోడు ప్రభుత్వం 2009లో పాత బండి ఇచ్చి కొత్తది కొనేవాళ్లకి 4,500 డాలర్ల దాకా ఇచ్చే పథకం పెట్టి, 3 బిలియన్ డాలర్లు ఖర్చు చేసి, దాదాపు ఏడు లక్షల పాత బండ్లని రోడ్ల మీద నుంచి తీసేసింది. వాటి ఇంజిన్లు ఇంకెవరూ వాడకుండా ఆయిల్ బదులు సోడియం సిలికేట్ పోసి పాడుచేశారు. (ఇది మొదటిసారి చదివినప్పుడు ప్రాణం ఉసూరుమంది, నడిచే ఇంజిన్లు అవి.) ఫలితం, 2011 నాటికి పాత కార్ల రేట్లు సంక్షోభానికి ముందున్నదాన్ని కూడా దాటేశాయి. అంటే పడటం కొన్ని నెలలు, తర్వాత లేవడం కొన్నేళ్లు. 2008 చివర్లో భయపడి అమ్మినవాళ్లు, 2011లో "ఇంకా చవకే కదా" అనుకుని కొనడానికి వెళ్లినవాళ్లు, ఇద్దరికీ నష్టమే. ఇంత పెద్ద చరిత్ర అందరి ముందూ ఉండగా ఒక యాప్ ఏడాది పొడవునా జారే ఒక్క గీత గీసి అంచనా అని పేరు పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

2020లో, కోవిడ్ వచ్చినప్పుడు, అమెరికాలో ఇదే సినిమా ఫాస్ట్ ఫార్వర్డ్‌లో నడిచింది. ఏప్రిల్‌లో వేలంపాటలు మూతపడి ఒక్క నెలలోనే టోకు రేట్లు పది శాతానికి పైగా పడిపోయాయి. మే 22న అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ దివాలా పిటిషన్ వేసింది, ఇక వాళ్ల లక్షల కార్లన్నీ మార్కెట్ మీద పడతాయి, పాత కార్లని అడిగేవాడుండడని చాలామంది అనుకున్నారు. రెండు మూడు నెలలు తిరగకముందే రేట్లు కొత్త రికార్డుకి చేరాయి. జనం బస్సులూ రైళ్లూ ఎక్కడానికి భయపడ్డారు, చేతిలోకి ప్రభుత్వ సాయం వచ్చింది, ఫ్యాక్టరీలు ఆగాయి, ఆపైన కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత. 2021 జూన్‌లో అమెరికా ధరల సూచీలో పాత కార్ల రేట్లు ఏడాది కిందటితో పోలిస్తే 45.2 శాతం ఎక్కువ. కొన్ని మోడళ్లలో ఏడాది తిరిగిన కారు కొత్తదానికంటే ఎక్కువ పలికింది, ఎందుకంటే కొత్తది బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు, పాతది ఇవాళే ఇంటికి తెచ్చుకోవచ్చు. తరవాత 2022 మార్చి దాకా సున్నా దగ్గరున్న వడ్డీ రేటుని అక్కడి కేంద్ర బ్యాంకు 2023 జులైకల్లా 5.25 నుంచి 5.5 శాతానికి తీసుకెళ్లింది, కార్ల రేట్లు దిగడం మొదలైంది.

వడ్డీ సంగతి యాప్‌లో ఎక్కడా లేదు, ఇది మాత్రం క్షమించరాని లోపం. లోన్ మీద కొనేవాళ్లు చూసేది కారు రేటు కాదు, నెల నెలా కట్టే ఈఎంఐ. లెక్క వేసి చూడండి, అయిదేళ్ల లోన్‌కి వడ్డీ 6 శాతం నుంచి 12 శాతం అయితే అదే ఈఎంఐకి దాదాపు 13 శాతం తక్కువ అప్పే దొరుకుతుంది. కొనేవాడి జేబులో డబ్బు తగ్గకపోయినా, ఉద్యోగం పోకపోయినా, కొనగలిగిన కారు మాత్రం చిన్నదైపోతుంది. ఆ ఒత్తిడి మధ్యతరగతి కార్ల మీద ఎక్కువ. బాగా పాత, చవక కార్లని ఎక్కువగా నగదు ఇచ్చి కొంటారు కాబట్టి వాటి మీద వడ్డీ దెబ్బ తక్కువ, పైగా కొత్త కారు కొందామనుకున్నవాళ్లు పాత కారుకీ, పాతది కొందామనుకున్నవాళ్లు ఇంకా పాతదానికీ దిగుతారు కాబట్టి కష్టకాలంలో నమ్మకంగా నడిచే చిన్న కార్ల రేట్లు మొండిగా నిలబడతాయి. లగ్జరీ కార్లకి ఆ అదృష్టం లేదు. కొనేవాళ్లే తక్కువ, రిపేర్ ఖర్చు తలుచుకుని ఆ కొద్దిమందీ వెనక్కి తగ్గుతారు.

ఇంకో రకం సంక్షోభం ఉంది, కరెన్సీ పడిపోయే రకం. అందులో పాత కార్లు అసలు పడకపోగా పైకి లేస్తాయి. శ్రీలంక విదేశీ మారకం కాపాడుకోవడానికి 2020 మార్చిలో వాహనాల దిగుమతి ఆపేసింది, 2022లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది, ప్రైవేటు కార్ల దిగుమతి మళ్లీ మొదలయ్యేసరికి 2025 ఫిబ్రవరి. ఆ మధ్యకాలంలో అక్కడ కార్లు కొన్నదానికంటే ఎక్కువ రేటుకి అమ్ముడయ్యాయి. టర్కీలో అక్కడి కరెన్సీ లీరా విలువ కరిగిపోతుంటే జనం కార్లని బంగారంలా దాచుకోవడం మొదలుపెట్టారు, చివరికి 2022లో ప్రభుత్వం కొత్త కారు రిజిస్టరై ఆరు నెలలు, 6,000 కిలోమీటర్లు దాటకుండా డీలర్లు పాత కారుగా అమ్మకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. అక్కడివాళ్లు ఈ యాప్ గ్రాఫ్ చూసి కారు అమ్మేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

సరే, యాప్ ఆ రేటు ఎక్కడి నుంచి తెస్తుంది? ఎక్కువగా జనం పెట్టిన ప్రకటనల్లోంచి. అంటే అడిగే రేటు, తెగిన రేటు కాదు. మామూలు రోజుల్లో రెండింటికీ తేడా చిన్నదే, బేరంలో పోయేదే. సంక్షోభం మొదలైతే మాత్రం ముందు అమ్మకాలు ఆగుతాయి, రేట్లు తర్వాత దిగుతాయి. అమ్మేవాడు పోయిన నెల రేటే మనసులో పెట్టుకుని కూర్చుంటాడు, కొనేవాడు రాడు, ప్రకటన అలాగే ఉంటుంది, యాప్ దాన్నే చూసి "ఇదీ మార్కెట్ రేటు" అంటుంది. పైగా కొందరు కావాలనుకున్నా దిగలేరు, కారు మీద ఇంకా కట్టాల్సిన అప్పు కారు విలువకంటే ఎక్కువైపోయి ఉంటుంది, అమ్మితే చేతి నుంచి ఎదురు కట్టాలి. యాప్ లోన్ బాకీ ఎంతుందని ఒక్క ప్రశ్న కూడా అడగదు.

డీలర్లు అలా కాదు, వాళ్లే ముందు మారతారు. షెడ్డులో నిలబెట్టిన ప్రతి కారు మీదా వాళ్లు వడ్డీ కడుతుంటారు కాబట్టి అమ్మకాలు మందగించగానే కొనే రేటు కోసేస్తారు, అమ్మే బోర్డు మీద రేటు మాత్రం వెంటనే మార్చరు. ఈ యాప్ కూడా చివరికి ఒక డీలరే. స్క్రీన్ మీద చూపించింది ఒకటి, ఇన్‌స్పెక్షన్‌కి మనిషి వచ్చి గీతలూ టైర్లూ చూసి చెప్పింది ఇంకొకటి, ఆ తగ్గించిందాంట్లో గీతల వాటా ఎంత, మార్కెట్ భయం వాటా ఎంత అని అడిగితే సరైన సమాధానం రాలేదు. ఆ చెప్పిన రేటుకి కూడా గడువు కొద్దిరోజులే. ఏడాదికి అంచనా ఇవ్వగల ధైర్యం ఉన్నవాళ్లు సొంత రేటు మీద నెల రోజులు నిలబడలేరా?

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట, దీన్ని ఏ యాపూ చెప్పదు. మంచి రోజుల్లో బాగున్న కారుని ఎవరూ తొందరగా వదలరు, సతాయించేదాన్నే ముందు వదిలించుకుంటారు. కష్టకాలంలో డబ్బు అవసరమై బాగున్న కార్లు కూడా బయటికొస్తాయి, ఒకే ఓనర్, సర్వీస్ రికార్డ్ పూర్తిగా ఉన్నవి. అందుకని అలాంటప్పుడు రేటు ఇంకా ఎంత పడుతుందా అని ఎదురుచూడటం కంటే ఏ కారు వచ్చిందో చూడటంలో లాభం ఎక్కువ. అదే సమయంలో సర్వీసు వాయిదా వేసుకుంటూ నెట్టుకొచ్చిన బండ్లూ వస్తాయి, ఆయిల్ ఎప్పుడు మార్చారో కాగితం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

కొత్త కార్ల రేటు మీద కూడా ఒక కన్ను ఉండాలి. 2023 జనవరిలో టెస్లా కొత్త కార్ల రేట్లు భారీగా తగ్గించగానే పాత టెస్లాల విలువ కూడా దిగిపోయింది, అప్పటికి వాటి ఓనర్లు చేసిన తప్పేమీ లేదు. గిరాకీ లేని రోజుల్లో కంపెనీలు డిస్కౌంట్లు మొదలుపెడితే ఏడాది రెండేళ్ల వయసున్న కార్లకే ముందు దెబ్బ. పదేళ్ల కారుకి అది పెద్దగా తగలదు.

మరి ఈ యాప్ దేనికి పనికొస్తుంది? బేరానికి కూర్చునే ముందు ఒక అంకె చేతిలో ఉండటానికి, ఒకే మోడల్‌లో ఏ వేరియంట్‌కి ఎంత తేడా ఉందో పోల్చుకోవడానికి. ఆ పోలిక భాగం నిజంగా బాగా చేశారు, రెండు కార్లు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇంకో స్టార్ కావాలంటే ఆ గ్రాఫ్ తీసేసి, ఈ మోడల్ కారు ప్రకటన పెట్టిన ఎన్ని రోజులకి అమ్ముడవుతోందో, ఎంతమంది మధ్యలో రేటు తగ్గించారో చూపించండి. ఆ లెక్కలు ఇలాంటి కంపెనీ దగ్గర ఉండకుండా ఉండవు, మార్కెట్ మారుతోందని ముందుగా తెలిసేది కూడా అక్కడే.

ఒకటి మర్చిపోయాను. రేటు చూడటానికే ఫోన్ నంబర్ అడుగుతుంది, ఇచ్చిన మరుక్షణం నుంచి కాల్స్. ఎప్పుడూ వాడని నంబర్ ఏదైనా ఉంటే అది ఇవ్వండి.