రేకుల షెడ్డులో ఆరేళ్లు: 10 హెచ్‌పీ డ్రైవ్ ఎక్కడ ట్రిప్ అవుతుంది, ఎందుకు

చెన్నై అంబత్తూరులో, రేకుల షెడ్డు కింద దుమ్ము లాగే బ్లోవర్‌ మీద ఈ 7.5 కిలోవాట్ల, 415 వోల్టుల డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) ఆరేళ్లుగా నడుస్తోంది. ఇన్నేళ్లలో పడ్డ ట్రిప్పుల్లో చాలావాటికి కారణం డ్రైవ్ బయటే దొరికింది. కోడ్ కనబడగానే రీసెట్ నొక్కకండి. ఫాల్ట్ హిస్టరీలో ట్రిప్ అయిన క్షణానికి ఆంపియర్లు, డీసీ బస్ (సప్లైని డీసీగా మార్చి నిలిపే డ్రైవ్ లోపలి భాగం) వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఎంతున్నాయో ఉంటాయి, ముందు అవి రాసుకోండి. ఈ డ్రైవ్‌లో నాకు బాగా నచ్చింది అదే.

ఎక్కువ విసిగించింది ఆపేటప్పుడు వచ్చే ఓవర్‌వోల్టేజి. బ్లోవర్ చక్రం బరువుగా ఉంటుంది. పది సెకన్లలో ఆగమంటే మోటారు జనరేటరై ఆ శక్తిని డ్రైవ్‌లోకే తోస్తుంది. మామూలుగా 585 వోల్టుల దగ్గర ఉండే బస్ వోల్టేజి 800 దాకా ఎగబాకి ట్రిప్ పడుతుంది. డీసెల్ టైమ్ (వేగం తగ్గి ఆగడానికి ఇచ్చే సమయం) 45 సెకన్లకు పెంచాక మళ్లీ రాలేదు. తొందర లేకపోతే కోస్ట్ స్టాప్ (చక్రాన్ని దానంతట అదే ఆగనివ్వడం) పెట్టండి, తప్పనిసరైతేనే ఆ శక్తిని వేడిగా మార్చే బ్రేకింగ్ రెసిస్టర్. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు పడే ఓవర్‌కరెంటుకు కారణం వేరు. తిరుగుతున్న చక్రాన్ని డ్రైవ్ సున్నా నుంచి మొదలుపెట్టబోతుంది. ఫ్లయింగ్ స్టార్ట్ (తిరుగుతున్న వేగాన్ని పసిగట్టి అక్కడి నుంచే అందుకోవడం) ఆన్ చేయాలి. ఇందులో అది ఆఫ్‌లో వచ్చింది, మాన్యువల్‌లో ఎక్కడో మూలన ఉంది.

అగ్నినక్షత్రం రోజుల్లో (మే నెల మండుటెండల్లో) ఓవర్‌హీట్. పూర్తి ఆంపియర్లు ఇచ్చేది 40 డిగ్రీల దాకానే, ప్యానెల్ లోపలేమో బయటికంటే వేడి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్మును పొడి గాలితో ఊదాలి. కంప్రెసర్‌లో నీళ్లు తీయకుండా ఊదితే ఆ తేమ బోర్డు మీదికి చేరుతుంది. డ్రైవ్‌ను చల్లబరిచే ఫ్యాను మూడేళ్లకు మార్చేయడమే మంచిది. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి స్విచ్చులు ఆన్, ఆఫ్ అయ్యే వేగం) 8 కిలోహెర్ట్జ్ నుంచి 4కి దించితే మోటారు కీచుమంటుంది కానీ డ్రైవ్ చల్లబడుతుంది.

ఈశాన్య రుతుపవనాల వానల్లో గ్రౌండ్ ఫాల్ట్ వస్తే మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి చూడండి, కేబుల్ గ్లాండులోంచి నీళ్లు దిగి ఉండొచ్చు. మోటారుకు వెళ్లే యూ, వీ, డబ్ల్యూ వైర్లు డ్రైవ్ నుంచి విప్పాకే, మోటారు వైపు మాత్రమే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వేయాలి. విప్పకుండా వేస్తే ఐజీబీటీలు (డ్రైవ్ లోపలి పవర్ స్విచ్చులు) పోతాయి. ఒక మెగోమ్ కంటే తక్కువొస్తే తప్పు మోటారుదో కేబుల్‌దో.

వైర్లు విప్పినా ట్రిప్ వస్తుంటే సప్లై ఆపి పది నిమిషాలు ఆగండి. బస్ వోల్టేజి దాదాపు సున్నాకు దిగిందని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. మల్టీమీటరు డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ యూ మీద, నల్లది బస్ ప్లస్ మీద పెడితే 0.3 నుంచి 0.5 వోల్టులు రావాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. వీ, డబ్ల్యూలకూ అంతే. రెండు వైపులా సున్నా వస్తే ఆ ఐజీబీటీ షార్టయినట్టే. అప్పుడిక మళ్లీ సప్లై ఇవ్వకండి.

స్పేర్‌గా కొని బీరువాలో పెట్టిన డ్రైవ్‌కు ఏడాదికోసారైనా సప్లై ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఊరికే పడున్నదానికి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే కెపాసిటర్లు దెబ్బతింటాయి.