అద్దంలోంచి చూడాలా, కెమెరాలోంచి చూడాలా?

కళ్ల ముందున్న లోకాన్ని కప్పేయకుండా, దాని మీదే కంప్యూటర్ బొమ్మను నిలబెట్టడం ఆగ్మెంటెడ్ రియాలిటీ, పొట్టిగా ఏఆర్. ఈ పనికి రెండు దారులున్నాయి. ఒకదాంట్లో లోకాన్ని పారదర్శకమైన అద్దంలోంచి నేరుగా చూస్తాం, బొమ్మ ఆ అద్దం మీద పడుతుంది. రెండోదాంట్లో కెమెరా తీసిన వీడియోలోనే బొమ్మను కలిపేసి తెర మీద చూపిస్తారు. చేతిలోని ఫోన్‌దీ ఈ రెండో దారే.

వయసులో అద్దానిదే పెద్దరికం. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తన విద్యార్థుల సాయంతో తలకు తగిలించుకునే డిస్‌ప్లే తయారుచేశారు. కళ్ల ముందు సగం వెలుతురును వదిలే అద్దాలు, తలకు రెండు పక్కలా బుల్లి పిక్చర్ ట్యూబులు. కనిపించేవి ఉత్త గీతల బొమ్మలే. తల ఎటు తిరిగిందో కొలిచే యంత్రం సీలింగు నుంచి వేలాడుతుండేది. 1990ల మొదట్లో విమానాల కంపెనీ బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మైజెల్ ఇదే ఆలోచనను ఫ్యాక్టరీకి తెచ్చారు. విమానానికి వేసే వైర్ల కట్టలను బోర్డు మీద పేర్చే కార్మికుడు కాగితాల్లో వెతుక్కోకుండా, ఏ వైరు ఎటు పోవాలో బోర్డు మీదే కనిపించాలని వాళ్ల ఉద్దేశం. ఏఆర్ అనే పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

చేతులు ఖాళీ లేని పనికి ఇప్పటికీ అద్దమే మేలని నా అభిప్రాయం. బ్యాటరీ అయిపోయినా ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. లోకం కళ్లకు ఆలస్యం లేకుండా చేరుతుంది. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది: బొమ్మను గీయడానికి కంప్యూటర్‌కు కాస్త టైమ్ పడుతుంది కాబట్టి, తల గబుక్కున తిప్పితే బొమ్మ జారినట్టు అనిపిస్తుంది. పైగా ఈ అద్దం వెలుతురును కలపగలదు గానీ తీసేయలేదు. నలుపు రంగు చూపించలేదు, ఎండలో బొమ్మ వెలిసిపోతుంది. 2016లో డెవలపర్లకు అందిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ హెడ్‌సెట్‌లో బొమ్మ కనిపించే మేర చాలా చిన్నది. తల కొంచెం పక్కకు తిప్పితే అంచు దగ్గర తెగిపోయేది.

వీడియో దారిలో ఈ తిప్పలు తక్కువ. లోకమూ బొమ్మా రెండూ ఒకే తెర మీదికి వస్తాయి కాబట్టి కలిపి కదిలించొచ్చు, ఒకదాని వెనక ఒకటి దాచొచ్చు, నలుపూ చూపించొచ్చు. అయితే ఆలస్యం ఇప్పుడు లోకానికే అంటుకుంటుంది, అది ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది. 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రో అనే హెడ్‌సెట్‌లో కెమెరా చూసినది 12 మిల్లీసెకన్లలో తెర మీదికి వస్తుందని ఆ కంపెనీ చెబుతుంది. వచ్చినప్పుడు అమెరికాలో దాని ప్రారంభ ధర 3,499 డాలర్లు. కూర్చుని వాడుకోవడానికి సరే. తలకు బరువుగా ఉంటుంది, చార్జ్ అయిపోతే కళ్ల ముందంతా చీకటే. దాన్ని పెట్టుకుని రోడ్డు మీద నడవమని నేనైతే ఎవరికీ చెప్పను.

మరి ఫోన్? నాణ్యతలో అద్దం, హెడ్‌సెట్, ఫోన్ మూడింటిలోకీ నాసి, వాడకంలో మాత్రం అదే గెలిచింది. 1999లో హిరోకాజు కాటో తెచ్చిన ఏఆర్‌టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో, నల్ల చదరం అచ్చేసిన కాగితం, మామూలు కెమెరా తగిలించిన కంప్యూటర్ ఉంటే చాలు, బొమ్మ ఆ కాగితం మీద నిలబడేది. తర్వాత గూగుల్ తన ట్యాంగో ప్రాజెక్టులో లోతు కొలిచే ప్రత్యేక సెన్సార్లున్న ఫోన్లనే నమ్ముకుంది. 2017లో ఆపిల్ ఏఆర్‌కిట్, దాని వెనకే గూగుల్‌దే ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కెమెరాకు కనిపించే గుర్తులను ఫోన్‌లోని కదలిక సెన్సార్లతో జోడించి, కోట్ల మంది దగ్గర అప్పటికే ఉన్న ఫోన్లలో అదే పని నడిపించాయి. 2018లో ట్యాంగో మూతపడింది.

గదిలో సోఫా పడుతుందో లేదో చూడటానికి ఫోన్ చాలు, హెడ్‌సెట్ కొనడం దండగ. అదే ఫోన్‌ను అరగంట పట్టుకుని మెషిన్ రిపేరు చేయమంటే మాత్రం చేయి లాగుతుంది, స్క్రూడ్రైవర్‌కు రెండో చేయి మిగలదు. అక్కడ మసక బొమ్మైనా సరే, అద్దాలకే నా ఓటు.