‘బ్రిడ్జి కోర్సు లేకపోతే ఎంబీఏ సీటు రాదు’ అన్నారా? రూపాయి కూడా కట్టకండి

ఆ అడ్మిషన్ల ఆఫీసు పేరు రాయడం లేదు. హన్మకొండలో ఎంబీఏ అడ్మిషన్ల ఫ్లెక్సీలు చూసిన వాళ్ళకు ఎవరి గురించో తెలిసిపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే ‘నాన్ కామర్స్ స్టూడెంట్స్ అలర్ట్’ అని పెట్టేది వాళ్ళే. నిన్న సాయంత్రం అక్కడి నుంచే వచ్చాను. రాత్రంతా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ. ఒక ల్యాబ్‌లో ఏడాదిన్నర చేశాను, జీతం పెరిగేది కాదని అర్థమై ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాశాను. ర్యాంకు పర్వాలేదు. భయమల్లా ఒక్కటే, డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో తెలియని దాన్ని ఎంబీఏలో ఏం వెలగబెడతానని. సరిగ్గా ఆ భయం మీదే వాళ్ళు దుకాణం తెరిచారు, కామర్స్ చదవని వాళ్ళకు దాని బేసిక్స్ నేర్పే ‘బ్రిడ్జి కోర్సు’ అని.

“సైన్స్ వాళ్ళకు, బీటెక్ వాళ్ళకు బ్రిడ్జి కోర్సు సర్టిఫికెట్ కంపల్సరీ మేడం. లేకపోతే వెరిఫికేషన్‌లో ఆపేస్తారు” అన్నాడు ఆ ఆఫీసాయన. ఫీజు 35,000 రూపాయలు. మిర్చి అమ్మిన పైసల్లోంచి నాయిన తీసి ఇచ్చాడు.

ఐసెట్ నోటిఫికేషన్ అప్పటికే నా ఫోన్‌లో ఉంది. ఓరియంటల్ లాంగ్వేజెస్ తప్ప ఏ మూడేళ్ళ డిగ్రీ అయినా చాలు, 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వాళ్ళకు 45 అని అందులోనే ఉంది. అసలు పరీక్షలోనే కామర్స్ ఎక్కడుంది? 200 మార్కుల్లో 75 అనలిటికల్, 75 లెక్కలు, 50 కమ్యూనికేషన్. ఆ కమ్యూనికేషన్‌లో కాసిన్ని బిజినెస్ పదాలు, అంతే. కామర్స్ రాకుండానే ర్యాంకు తెచ్చుకున్నదాన్ని, సీటుకు మాత్రం కామర్స్ కావాలంటే తలూపాను. అదే పరీక్షలో ప్యాసేజీ చదివి జవాబులు రాసిన మహాతల్లిని, రశీదు చదవకుండా సంతకం పెట్టాను. ఇంటికొచ్చాక చూస్తే అందులో కోర్సు మాటే లేదు. ‘కౌన్సెలింగ్ సర్వీస్, నాన్ రిఫండబుల్’ అని ఉంది.

20 క్లాసులన్నారు, 7 జరిగాయి. చెప్పింది నిరుడు ఎంబీఏ పాసైన అబ్బాయి. మెటీరియల్ అని పంపిన పీడీఎఫ్ ఇంటర్ కామర్స్ పుస్తకం ఫోటోలు, రెండు మూడు పేజీల్లో ఫోటో తీసినవాడి బొటనవేలు కూడా పడింది. వాళ్ళు నేర్పిన వాటిలో నాకు గట్టిగా గుర్తున్నది ఒక్క సూత్రం: తీసుకున్నవాడిని డెబిట్ చెయ్, ఇచ్చినవాడిని క్రెడిట్ చెయ్. ఇచ్చింది ఎవరో, తీసుకుంది ఎవరో ఇప్పుడు బాగా అర్థమైంది.

సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, టీసీ, కులం, ఆదాయం అన్నీ చూశారు. చివర్లో ఆ బ్రిడ్జి సర్టిఫికెట్ కూడా ఇచ్చాను, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ. కౌంటర్ దగ్గరున్న మేడం అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేంటమ్మా? ఇది మాకెందుకు?” అని తిరిగి ఇచ్చేసింది. వెనక లైన్లో ఉన్న బీటెక్ అబ్బాయి నవ్వాడు. వాడి దగ్గర అలాంటిదేమీ లేదు.

నిన్న నాయిన్ను తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. డబ్బు కట్టిన రోజు ఇదే మనిషి “అంకుల్, ఏసీ కింద కూర్చోండి” అని కుర్చీ లాగి, చాయ్ తెప్పించాడు. నిన్న కుర్చీ కూడా చూపించలేదు. నాయిన మెల్లగా, “సార్, పిల్ల తెల్వక కట్టింది. సగమన్నా ఇయ్యిండ్రి” అన్నాడు. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, “పెద్దాయనా, నీకు అర్థం కాదు గానీ, నువ్వు బయట నిలబడు” అన్నాడు. మా నాయిన భుజం మీది తువ్వాల సర్దుకుని నిజంగానే బయటికి వెళ్ళి నిలబడ్డాడు. అది చూశాక 35,000 సంగతే మర్చిపోయాను.

“సర్టిఫికెట్ అవసరమే లేదంట కదా” అని అడిగితే, “డిగ్రీ చదివినవ్ కదమ్మా, నోటిఫికేషన్ చదువుకోవడం రాదా? నిన్నెవరన్నా బలవంతంగా కట్టమన్నారా?” అన్నాడు. చెప్పిన అబద్ధానికి సిగ్గు లేదు, నమ్మినందుకు నాకే తిట్లు. పక్కనే ఒక అమ్మ, ఆమె కొడుకు కూర్చుని ఉన్నారు, వాళ్ళ ముందు రశీదు బుక్కు తెరిచి ఉంది. కట్టకండి అని అప్పుడే అరవాల్సింది. గొంతులోంచి మాట రాలేదు. ఆ అబ్బాయి ఇది చదివితే బాగుండు.

కామర్స్ లేదని భయపడే వాళ్ళకు: అకౌంటింగ్ మొదటి సెమిస్టర్‌లో అందరికీ ఉంటుంది, జర్నల్ ఎంట్రీల నుంచే మొదలుపెడతారని సీనియర్లు చెప్పారు. ముందే చదవాలనుకుంటే తెలుగు అకాడమీ ఇంటర్ కామర్స్ పుస్తకం కొనుక్కోండి, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ‘స్వయం’లో పాఠాలు ఉచితంగానే వినొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చి రాకండి. కాలేజీలే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఇక వీళ్ళెవరు? నన్నూ అడిగారు, సీటు బ్లాక్ చేస్తామని. నాయిన బీరువా తాళం ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాను. చదువుకున్నది నేను, తెలివి ఆయనది.

రశీదు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచాను. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్నాను. నాయిన మాత్రం, “పోనీ తియ్ బిడ్డా, మల్ల గా ఆఫీసుకు నేను రాను” అంటున్నాడు.