విమానంలో వైఫై: డబ్బు కట్టాలా, వద్దా?

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో అమెరికా తిరగడం నాకు కొన్నేళ్లుగా అలవాటే. విమానంలో నెట్ కొనాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఉచిత మెసేజీ ప్యాక్ ఉంటే తీసుకోండి, పెద్ద ప్యాక్ జోలికి పోకండి. స్టార్‌లింక్ (ఇలాన్ మస్క్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్) ఉన్న విమానమైతే మాత్రం లెక్క మారిపోతుంది.

ఎమిరేట్స్‌లో స్కైవార్డ్స్ (తరచూ ప్రయాణించేవాళ్ల కోసం ఆ సంస్థ నడిపే పథకం) సభ్యులకు మెసేజీలు ఉచితం. సభ్యత్వానికీ పైసా ఖర్చు లేదు. వాట్సాప్‌లో టైపు చేసినవి వెళ్తాయి, వస్తాయి. ఫొటోలు, వాయిస్ మెసేజీలు కదలవు. మా ఇంట్లో చిక్కంతా అక్కడే. అమ్మ టైపు చేయదు, ఏం చెప్పినా వాయిస్ మెసేజే. డౌన్‌లోడ్ బాణం నొక్కితే అది తిరుగుతూనే ఉంటుంది. నాన్న మాత్రం ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్ యాప్ తెరుచుకుని కూర్చుని, "ఇరాన్ దాటావురా" అని నాకే టైపు చేస్తారు.

పాత తరహా వైఫై నడిచేది భూమధ్యరేఖ పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహాలతో. సిగ్నల్ వెళ్లి రావడానికే అరసెకను పైన పడుతుంది. మెయిల్ చూసుకోవడానికి పర్లేదు గానీ, వీపీఎన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రక్షిత దారిలో) ఆఫీసు సిస్టమ్ తెరిస్తే కొట్టిన అక్షరం తెరమీద పడేదాకా చూస్తూ కూర్చోవాలి. గల్ఫ్ నుంచి సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే విమానాలు ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతాయి. అక్కడికి ఆ ఉపగ్రహం కనపడదు, నెట్ గంటల తరబడి మాయం. డబ్బు వెనక్కివ్వమని ఒక సంస్థకు రాస్తే, నిబంధనలు చదువుకోమన్నారు.

ఇంకో తలనొప్పి ఓటీపీ. మన బ్యాంకు కార్డుతో గాల్లో ప్యాక్ కొనబోతే ఓటీపీ ఎస్ఎమ్ఎస్‌లో వస్తుంది, ఫోనేమో ఫ్లైట్ మోడ్‌లో ఉంటుంది. కొనేదేదో నేలమీదే కొనేయండి.

ఫ్లైట్ మోడ్ తీసేద్దామనుకుంటారేమో, వద్దు. కొన్ని విమానాల్లో చిన్న మొబైల్ టవర్ లాంటిది ఉంటుంది, ఫోను దాన్ని పట్టేసుకుంటుంది. ప్రత్యేక ప్యాక్ లేకపోతే పడేది రోమింగ్ చార్జీలే. మా తోడల్లుడు అలాగే నిద్రపోయాడు, దిగాక బిల్లు చూసి మళ్లీ నిద్ర పట్టలేదు.

మన దేశంలో విమానంలో వైఫైకి 2018 నిబంధనలతో దారి తెరుచుకుంది. ఎయిరిండియా 2025 జనవరి 1 నుంచి దేశీయ మార్గాల్లోనూ ఏ350, 787-9, కొన్ని ఏ321నియో విమానాల్లో ఉచితంగా ఇస్తోంది. హైదరాబాద్–ఢిల్లీ రెండు గంటల ప్రయాణానికి నాకైతే అది ఉన్నా లేకపోయినా ఒకటే.

అసలు తేడా స్టార్‌లింక్‌తో వచ్చింది. ఖతార్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబరులో తన బోయింగ్ 777లలో మొదలుపెట్టింది, అదీ ఉచితంగా. ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం ఉండదు. ఆఫీసు సిస్టమ్ ఇంట్లో కూర్చున్నట్టే నడిచింది. కాకపోతే మేనేజర్‌కు ఈ సంగతి తెలియనివ్వకండి. టికెట్ తీసుకున్నాక విమానం మార్చేయడమూ మామూలే. అందుకే బయల్దేరే రోజు ఏ విమానం వేశారో చూసుకుని, అప్పుడే ప్యాక్ సంగతి తేల్చుకుంటాను.