కడపలో ఇంటి నెట్‌కు ఏది మేలు: ఫైబరా, 5జీ యాంటెన్నానా?

కడప ఎర్రముక్కపల్లెలోని మా ఇంటికి స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్ కనెక్షన్ ఉంది, నెలనెలా 100 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కడుతున్నాను. అయినా రాత్రి తొమ్మిదింటికి మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠం వింటుండగా తెర మీద బొమ్మ నిలిచిపోతుంది. అదే నిమిషంలో ఒక యాప్ వేగం 88 అని చూపిస్తే, మరొకటి 23 అని చూపిస్తుంది. ఫిర్యాదు చేస్తే "సార్, మా వైపు అంతా బాగానే ఉంది" అంటారు. విసిగిపోయి, మిద్దె మీద యాంటెన్నా బిగించి 5జీ సిగ్నల్‌తో నడిచే కనెక్షన్‌కు మారదామా అనుకున్నాను.

మారే ముందు ఆ రెండు అంకెల సంగతి తేల్చుకోవలసి వచ్చింది. యాప్ కొలతకు మన నెట్ కంపెనీ సొంత సర్వర్‌ను (అవతలి చివరనున్న కంప్యూటర్‌ను) ఎంచుకుంటే ఇంటి నుంచి ఆ కంపెనీ దాకా ఉన్న దారిని మాత్రమే కొలుస్తుంది. బయటి సర్వర్‌ను ఎంచుకుంటే అసలు రద్దీ బయటపడుతుంది. పాఠం వచ్చేది ఈ రెండో దారిలో కనుక నేను చిన్న అంకెనే నమ్ముతాను. మా ఇంటి గోడలు నాపరాతివి. పగలు పడకగదిలో వైఫై 17 చూపిన వేళ, రూటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్ 94 చూపింది. అంటే పగటిపూట లోపం గోడది. రాత్రి మాత్రం కేబుల్‌తో కొలిచినా 30 దాటలేదు. ఆ లోపం గోడది కాదు, కంపెనీ వైపుదే కావచ్చు.

5జీ యాంటెన్నాకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: రోడ్డు తవ్వినా, లారీ తగిలి వీధిలో తీగ తెగినా దానికి సాధారణంగా బాధ లేదు. అయితే ఒక టవర్ సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి కనుక, రాత్రి రద్దీ అక్కడా తప్పదు. ఫైబర్‌లోనూ పంపకం ఉంటుంది గాని, సాధారణంగా వాడే జీపాన్ పద్ధతిలో (ఒకే ఫైబర్‌ను చీల్చి పలు ఇళ్ళకు ఇచ్చే పద్ధతి) సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లను, అంటే 2,500 ఎంబీపీఎస్‌ను, ఒక పరిమిత సంఖ్యలో ఇళ్ళే పంచుకుంటాయి. వీడియో పాఠాలకు అవసరమైన నిలకడ కూడా ఫైబర్‌లోనే ఎక్కువ. కరెంటు పోతే రెండూ ఆగుతాయి. రూటర్‌కు చిన్న యూపీఎస్ ఎలాగూ కావాలి.

అందువల్ల వీధిలోకి ఫైబర్ వచ్చిన ఇంటికి ఫైబరే మేలని నా నిర్ణయం; సేవ బాగాలేకపోతే కంపెనీని మార్చాలి గాని తీగను వదులుకోకూడదు. తీగ ఇంకా చేరని ఊరి అంచు కాలనీలకూ, తరచూ ఇల్లు మారే అద్దెవారికీ 5జీ నయం.

కేంద్రం 2023లో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. మనం కట్టే డబ్బు ముందు అది ఏ మూలకూ చాలదు కనుక, ప్లానులో రాసిన అంకెనే పట్టుకుని అడగాలి. నేను రూటర్‌ను గూట్లోంచి తీసి నడవలో పెట్టించాను. నాలుగు రాత్రులు కేబుల్‌తో కొలిచిన అంకెలను వేళలతో సహా రాసి ఫిర్యాదుకు జతచేసి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకున్నాను. జవాబు సరిగా రాకపోతే అదే నంబరుతో ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాస్తాను.