గవర్నర్‌పేటలో డాలస్ టికెట్లు తీశాం, మా అనుభవం ఇదీ

అమ్మానాన్నల్ని డాలస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపాలి. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు తీశాం. రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్, అంతే, కానీ పని మాత్రం చాలా బాగా చేశారు.

ఆ ఆఫీసు నడిపే ఆయన ముందు రేటు చెప్పలేదు. "బాబాయ్ గారూ, ఒకేచోట ఎంతసేపు కూర్చోగలరు?" అని నాన్నని అడిగి, ఒక తెల్లకాగితం తీసి టైములన్నీ మన టైములోకి మార్చి రాశారు. టికెట్ మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు కదా, దుబాయ్‌లో రాత్రి 2:30కి ఎక్కి డాలస్‌లో పొద్దున 9:30కి దిగుతారంటే ఏడు గంటలే అనిపిస్తుంది, నిజానికి అది పదహారు గంటలు, దాదాపు 12,900 కిలోమీటర్లు మధ్యలో ఎక్కడా ఆగకుండా. ఎండాకాలంలో డాలస్ దుబాయ్ కంటే 9 గంటలు, మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మధ్యాహ్నం 12కి బెజవాడలో కారెక్కితే శంషాబాద్‌కి ఆరు గంటలు, చెకిన్ అవీ అయ్యి రాత్రి 9:30కి విమానం, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ రెండున్నర గంటల గ్యాప్. డాలస్‌లో దిగేసరికి మనకి మర్నాడు రాత్రి 8 అవుతుంది. అంటే మొత్తం 32 గంటలు, అందులో గాల్లో ఉండేది ఇరవయ్యే! ఆ కాగితం చూశాకే అమ్మకి టెన్షన్ తగ్గింది, ఏ టైముకి ఏ బీపీ మాత్ర వేసుకోవాలో దాని మీదే రాసుకుంది.

ఫోన్‌లో నేను చూసిన చవక టికెట్ చూపిస్తే వద్దన్నారు. అది రెండు వేరువేరు బుకింగులట, మొదటి విమానం లేటైతే రెండోవాళ్లకి సంబంధం ఉండదు. పైగా న్యూయార్క్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే, సూట్‌కేసులు తీసుకుని మళ్లీ వెయ్యాలి. పెద్దవాళ్లకి అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. తమ్ముడు ఎదురొచ్చే ఊళ్లోనే ఆ పనులన్నీ అయ్యేలా చూశారు, వీల్‌చైర్ కూడా అప్పుడే పెట్టించారు. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి గంటకి పైగా కలిసొస్తుందని కూడా చెప్పారు.

నచ్చనివి రెండే. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తరు, సర్వీస్ చార్జీ అడిగితే తప్ప చెప్పరు. అది ముందే చెబితే ఎవరూ కాదనరు.

వెళ్లేవాళ్లు మధ్యాహ్నం లోపే వెళ్లండి, పాస్‌పోర్ట్‌లు వెంట తీసుకెళ్లండి. ఇంటిపేరు అందులో పూర్తిగా ఎలా ఉందో టికెట్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే పడాలి, ఆయన కూడా అవి చూడందే బుక్ చెయ్యరు.