డెర్బీ చూడ్డానికి కోల్‌కతా వెళ్ళి లాడ్జిలో మోసపోయిన కథ

డెర్బీ అంటే కోల్‌కతా ఫుట్‌బాల్ జట్లు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడే మ్యాచ్. ముందే చెప్పేస్తున్నా, సియాల్దా స్టేషన్ పక్క సందుల్లో లాడ్జి మాట్లాడుకుంటే రేటు మెసేజ్‌లో రాయించుకోండి. రాయించుకున్నా గొడవకి సిద్ధపడే వెళ్ళండి. నేను రాత్రికి 1,400 చొప్పున రెండు రాత్రులకి ఫోన్లో మాట్లాడి, 500 అడ్వాన్సు కూడా పంపాను. తీరా 2024 అక్టోబర్ 18 మధ్యాహ్నం బ్యాగులతో వెళ్ళి నిలబడితే మేనేజరు రిజిస్టరైనా తెరవకుండా "రేపు డెర్బీ కదా, రాత్రికి 2,300" అన్నాడు. ఫోన్లో చెప్పింది మామూలు రోజుల రేటట. మరి నేను ఫోన్లో తేదీలు చెప్పానుగా? "తేదీలు చెప్పారు, మ్యాచ్‌కి వస్తున్నామని చెప్పలేదు" అన్నాడు. దీనికి జవాబు ఇప్పటికీ దొరకలేదు నాకు.

అడ్వాన్సు వదులుకుని పోదామంటే మా బావమరిది శ్రీను అప్పటికే సోఫాలో కూలబడి ఉన్నాడు. వైజాగ్‌లో ముందురోజు రాత్రి కోరమాండల్ ఎక్కాం. అది ఇప్పుడు హౌరా వెళ్ళదు, షాలిమార్‌లోనే ఆపేస్తుంది. అక్కణ్ణుంచి పసుపు టాక్సీకి 380 ఇచ్చి, ట్రాఫిక్‌లో ఉడికిపోయి వచ్చాం. "ఇచ్చెయ్ బావా, స్నానం చెయ్యాలి" అన్నాడు. ఇచ్చేశాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మేనేజరు పెన్ను తీస్తూ, ఊరూ పేరూ అడక్కముందే "ఏ టీము?" అన్నాడు. ఆయన కుర్చీ వెనకాల గోడ మీద ప్లాస్టిక్ పూలదండ వేసిన పాత నలుపు తెలుపు ఫొటో ఉంది. 1911లో ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన మోహన్ బగాన్ జట్టు అది. బూట్లేసుకున్న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ తెల్లవాళ్ళని 2–1తో ఓడించిన పదకొండు మంది, అందులో పది మంది ఉత్త కాళ్ళతో ఆడినవాళ్ళే. ఆ ఫొటో చూసి కూడా, నిజాయితీ పొంగుకొచ్చి "ఈస్ట్ బెంగాల్" అనేశాను. రెండో అంతస్తు తాళం తీసి చేతిలో పెట్టబోయినవాడు దాన్ని మళ్ళీ మేకుకి తగిలించి, నాలుగో అంతస్తుది ఇచ్చాడు. లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ, నెత్తి మీద వాటర్ ట్యాంకు. తెల్లవారుజామున నాలుగున్నరకి మోటారు వేస్తే మంచం కూడా వణికింది. గీజరుకి ఎర్ర లైటు వెలుగుతుంది, వేడినీళ్ళు మాత్రం రావు. అడిగితే బకెట్‌కి 30.

నాకీ ఈస్ట్ బెంగాల్ పిచ్చి పట్టించింది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన మా పెద్దమావయ్య. చిన్నప్పుడు వేసవి సెలవలకి వెళ్తే ఆయన చెప్పేది ఒకటే కథ. 1949 నుంచి కొన్నేళ్ళు ఈస్ట్ బెంగాల్‌కి ఆడిన అయిదుగురు ఫార్వర్డులని ఇక్కడ పంచపాండవులు అనేవారు, వాళ్ళు అహ్మద్ ఖాన్, సాలే, ధన్‌రాజ్, వెంకటేశ్, అప్పారావు. "అప్పారావురా, మన అప్పారావు!" అని తొడ కొట్టేవాడు, ఏదో మా వీధిలో ఉన్నట్టు. ఆ పేరుకే నేను పడిపోయాను. శ్రీనుకి ఇవేవీ పట్టవు, వాడిది క్రికెట్. అయినా వెంట వచ్చాడు, రసగుల్లాల కోసం.

శనివారం పొద్దున్న ఆ మహానుభావుడు టిఫినుకని కిందికెళ్ళి, 180 పెట్టి ఒక జెర్సీ కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ, మెరూన్ చారలు. "కలర్ కాంబినేషన్ బావుంది బావా" అంటున్నాడు. మోహన్ బగాన్ జెర్సీ రా నాయనా! మనవి ఎరుపు, పసుపు. మధ్యాహ్నం భోజనానికి పిలిచిన ఇల్లేమో జాదవ్‌పూర్ పక్క బిజయ్‌గఢ్‌లో, దేశవిభజనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న కాలనీలో, అంటే మా ఈస్ట్ బెంగాల్ అభిమానుల అడ్డాలో. దాని మీద మామూలు చొక్కా వేయించి, మెడ దాకా గుండీలు పెట్టించి తీసుకెళ్ళాను. ఆ ఉక్కలో వాడు పడ్డ బాధ చూస్తే లాడ్జి మీద కోపం కాస్త తగ్గింది.

ఇక ఆ భోజనం. వాళ్ళు మావయ్య స్నేహితుడి కుటుంబం. ఆయన్ని కాకూ (బాబాయి), ఆయన భార్యని కాకీమా (పిన్ని) అని పిలవమన్నారు. ఈస్ట్ బెంగాల్ వాళ్ళంటే ఇలిష్, మోహన్ బగాన్ వాళ్ళంటే రొయ్య, ఎవరు గెలిస్తే ఆ రోజు బజార్లో దాని ధర లేస్తుందని విన్నాను. ఇలిష్ అంటే ఏమిటి, మన పులసే కదా. పుస్తెలమ్మైనా పులస తినాలి అనే ఊళ్ళ నుంచి వెళ్ళినవాణ్ణి, రెండు రోజులుగా నోరూరుతూనే ఉంది. తీరా కంచంలో వడ్డించింది శీలావతి. నా మొహం చూసి కాకూకి అర్థమైంది. మూడు రోజుల క్రితం లక్ష్మీపూజ అయిపోయిందట, ఇక సరస్వతీపూజ దాకా వాళ్ళింట్లో ఇలిష్ ముట్టరు. డెర్బీ ఉన్నా సరే. చేప గుడ్లు పెట్టే కాలం, ఆ నాలుగు నెలలూ వదిలెయ్యాలి అన్నాడు.

సరే, అదైనా ఆవపిండి కారంతో, పచ్చి ఆవనూనె పైన చుక్కలేసి, ముక్క విరిస్తే రేకులు రేకులుగా విడిపోతూ, రెండు చెంచాల పులుసుతో నేను మొత్తం అన్నం తినేశాను. కాకీమా మూడో ముక్క వేస్తూ గర్వంగా "ఇది ఇక్కడి చెరువుదే, ఐసులో వచ్చే ఆంధ్రా చేప కాదు" అంది. మేం ఎక్కడివాళ్ళమో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. శ్రీను తల వంచుకుని తింటున్నాడు. వాళ్ళ నాన్నకి కైకలూరు దగ్గర చెరువులున్నాయి.

అప్పటికి లీగులో మా జట్టు ఆడిన నాలుగూ ఓడిపోయింది. పాత కోచ్ వెళ్ళిపోయాడు. ఏ లెక్కన చూసినా గెలిచే దారి లేదు, అయినా కాకూ మోహన్ బగాన్‌ని మనవాళ్ళు చిత్తు చేసిన 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్ గురించి చెబుతూ అయిదు వేళ్ళూ నా మొహం ముందు ఆడించాడు. అయిదు–సున్నా. మరి మాతో స్టేడియానికి రమ్మంటే రానన్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఆయనా ఉన్నాడట, డెర్బీలో గొడవై తొక్కిసలాటలో పదహారు మంది పోయిన రోజు. ఆ తర్వాత ఒక్క మ్యాచ్‌కీ గ్రౌండుకి వెళ్ళలేదు. రేడియో, ఆ తర్వాత టీవీ. మా రెండు టికెట్లూ మాత్రం ఆయనే కొనిపెట్టాడు, డబ్బులు ఇవ్వబోతే కాకీమా కళ్ళెర్రజేసింది.

మూడింటికి బయల్దేరాం, మ్యాచ్ ఏడున్నరకి. ఎందుకంత తొందర అని శ్రీను గొణిగాడు గానీ, బైపాస్ రోడ్డు మీదికి రాగానే నోరు మూతపడింది. మేటడోర్ వ్యాన్ల నిండా కుర్రాళ్ళు, ఎర్ర పసుపు జెండాలు, డప్పులు. పక్క లేన్లో ఆకుపచ్చ మెరూన్ వ్యాను రాగానే రెండు వైపులా బూతులు, మళ్ళీ సిగ్నల్ దగ్గర ఒకడి బీడీ ఇంకొకడు వెలిగించడం. ఒక తాత ఒంటినిండా పసుపు రంగు పూసుకుని స్కూటర్ వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నాకు అరచేతులు చెమటలు పడుతున్నాయి. నాలుగు ఓడిన జట్టు కదా, ఓడితే ఓడుతుంది అని సర్దిచెప్పుకుంటున్నా కడుపులో తిప్పుతూనే ఉంది. పరీక్షకి కూడా నాకింత టెన్షన్ లేదు. శ్రీను నావైపు ఒకసారి చూసి, చొక్కా పై రెండు గుండీలు విప్పబోయి, మళ్ళీ పెట్టేసుకున్నాడు.

సియాల్దాలో దిగేవాళ్ళయితే మెట్రోలో రండి, పది రూపాయలకి సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్‌లో దింపేస్తుంది. గేటు దగ్గర నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు లాగేసుకున్నారు, అవి తీసుకెళ్ళకండి. బయట బండి మీద ఘుగ్ని (బఠాణీల కూర) 30 రూపాయలు, తిని వెళ్ళండి. ర్యాంపు ఎక్కుతుంటే లోపల్నుంచి ఆ హోరు ముందు అరికాళ్ళకి తగులుతుంది, చెవులకి తర్వాత.

మ్యాచ్ 0–2. ఆ ఊసు వద్దు.

ఆదివారం పొద్దున్న గది ఖాళీ చేస్తుంటే మేనేజరు కొత్త పూలదండ వేస్తున్నాడు ఫొటోకి. 4,600లో అడ్వాన్సు పోను 4,100, వేడినీళ్ళకి 60. లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన నా మొహం ఒక క్షణం చూసి, అందులోంచి వంద నోటు తీసి నా జేబులో పెట్టి, భుజం తట్టాడు.

రేటు అడిగినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు.